గుడ్డ తెలిసిన చెయ్యి

చేతుల గురించి నాకు తెలిసినంత మా టాటానగర్ బర్మామైన్స్‌లో ఇంకెవరికీ తెలియదని ఇరవై ఎనిమిదేళ్ళు నమ్మాను. నమ్మకేం చేస్తాను? నేను గేమ్స్ టీచర్ని. పేరు యూనిస్. ఏ కండ ఏ ఎముకకు అతుక్కుని ఉంటుందో, ఏ బరువు ఎన్నిసార్లు ఎత్తితే అది గట్టిపడుతుందో బడిపిల్లలకు అరిచి అరిచి నేర్పాను. టీచరుకి ముక్కు మీద కోపం అని వాళ్ళు నా వెనకాల అనుకునేవారు. అనుకోనీ. నేను రిటైరయ్యి రెండేళ్ళయింది గానీ నా కోపం ఇంకా సర్వీసులోనే ఉంది.

ఇప్పుడు బిష్టుపూర్ వెళ్తే ఎటు చూసినా జిమ్ములే. చేతులు తీరుగా కనబడాలని ఆడపిల్లలు అద్దాల ముందు నిలబడి రంగురంగుల డంబెల్స్ ఎత్తుతారు. ఎత్తనీ, మంచిదే. కానీ నేను చెప్పబోయే చేతులు ఎప్పుడూ అద్దం ముందు నిలబడినవి కావు. అవి మా సందులో ఇస్త్రీ చేసే సన్యాసమ్మ చేతులు.

సన్యాసమ్మది టెక్కలి దగ్గర పల్లె. అప్పలసూరిని పెళ్ళాడి, ఒక ట్రంకు పెట్టెతో టాటానగర్ స్టేషన్లో దిగింది. మా సందు మొగలో సీతారామరావు గారి ఇల్లుంది. ఆ ఇంటి గోడకు ఆనించి వేసిన రేకు కప్పు కింద అప్పలసూరి ఇస్త్రీ బల్ల. మొదట్లో సన్యాసమ్మ మడతలు పెట్టి మూటలు కట్టేది, అంతే. రెండో ఏడు అతనికి టైఫాయిడ్ వస్తే తప్పనిసరై ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. అతను లేచి వచ్చేసరికి సందులో జనమంతా ఆవిడ మడతకు అలవాటుపడిపోయారు. పాపం, ఆ తర్వాత అతనికి మళ్ళీ పెట్టె దొరకలేదు. సైకిలు మీద బట్టలు తెచ్చి ఇవ్వడం అతని పని, ఇస్త్రీ ఆవిడ పని. ఎనిమిదేళ్ళ కిందట అతను పోయాక రెండు పనులూ ఆవిడవే అయ్యాయి.

ఆవిడది బొగ్గుల పెట్టె. నిప్పులు నింపాక ఒకసారి మా ఇంటికి తెప్పించి తూచాను. ఏడు కిలోలు చిల్లర ఉంది. దాన్ని పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా, మళ్ళీ మూడింటి నుంచి దీపాల వేళ దాకా ఎత్తడం, తొయ్యడం, దించడం. ఉక్కు కార్ఖానా యూనిఫాములు, రైల్వే వాళ్ళ చొక్కాలు, మా చర్చి క్వయర్ చీరలు, అన్నీ ఆ బల్ల మీద నుంచే వెళ్ళేవి. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క చొక్కా కాల్చిందని వినలేదు.

పోయిన ఏప్రిల్‌లో ఒక పొద్దున పెట్టె ఎత్తబోతుంటే ఆవిడ కుడి భుజంలో ఫట్‌మంది. పెట్టె బల్ల మీదే పడింది కాబట్టి సరిపోయింది. సందులో అందరూ నరం తెగిందన్నారు. నరం కాదు, కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ చిరిగింది. స్కానింగ్ చూసి డాక్టరు ఉన్న మాట చెప్పేశాడు. ఈ వయసులో కోసి కుట్టినా మునుపటిలా అవుతుందన్న నమ్మకం లేదు, ఆ చేత్తో టీ గ్లాసు ఎత్తొచ్చు గానీ ఇస్త్రీ పెట్టె ఇక ఎత్తకూడదు.

కూతురు కల్యాణి సాక్చిలో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆ సాయంత్రం ఆటో మాట్లాడుకుని వచ్చేసింది, తల్లిని తీసుకుపోదామని. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"మా, బస్ కరో అబ్. మేరే సాథ్ చలో," అని, ఇక చాలించి తనతో రమ్మంది కల్యాణి. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం హిందీలోనే తిరుగుతుంది.

"నీ ఇంటికొచ్చి ఏటి సెయ్యమంటావే? గోడలు సూత్తా కూకోమంటావా?"

"ఆరామ్ కరో నా!"

"ఆరామ్ నాకు సేతకాదు. నా బల్ల కాడ ఇంకోలు నిలబడితే నాను సూడలేను కల్యాణీ. అది ఒగ్గెయ్యమని మాత్రం అనకు."

కల్యాణి ఏడ్చింది. సన్యాసమ్మ ఏడవలేదు. పట్టీ కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బల్ల వైపే చూస్తూ కూర్చుంది.

బల్ల ఆవిడదే, దాని మీద ఉన్న రేకు కప్పు మాత్రం సీతారామరావు గారిది. కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. చెడ్డమనిషి కాదు, కానీ లాల్చీ మీద ముడత కనబడితే ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడరు. బల్ల ఖాళీగా రెండు నెలలు పడి ఉండేసరికి జూన్‌లో ఒకరోజు వచ్చి చెప్పేశారు.

"సూడు సన్యాసమ్మా, సందులో జనం బట్టలు పట్టుకుని స్టేషన్ దాకా తిరుగుతన్నారు. దసరా దాకా ఆగుతాను. నీ వల్ల కాదంటే ఆదిబాబుని కూకోబెడతాను. మరేటనుకోకు."

ఆదిబాబు స్టేషన్ దగ్గర కరెంటు పెట్టెతో ఇస్త్రీ చేస్తాడు. కుర్రవాడు, చెయ్యి చురుకు. ఆ కప్పు మీద అతనికి ఎప్పటి నుంచో కన్నుంది.

ఆయన వెళ్ళగానే నేను చొరబడ్డాను. చొరబడడం నాకు పుట్టుకతో వచ్చింది.

"సన్యాసమ్మా, నీకు ఎడం చెయ్యి లేదా?"

"ఉండీ ఏటి లాభం టీచరమ్మా? అది మంచినీల బిందె కూడా సరిగ్గా ఎత్తదు. అయినా పెద్దోల బట్టలు ఎడం సేత్తో సేత్తారేటి? తప్పు కాదా?"

"తప్పు సంగతి తర్వాత. నాలుగు నెలలున్నాయి. ముందు ఆ చేతికి బలం రానీ."

అలా మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం మా వరండాలో ఒక లీటరు నీళ్ళ సీసా ఆవిడ ఎడమ చేతికిచ్చాను. మోచెయ్యి నడుముకు ఆనించి ఉంచాలి, సీసా భుజం దాకా మెల్లగా ఎత్తాలి, అంతకంటే మెల్లగా దించాలి. పదిసార్లు. కాసేపు ఆగి మళ్ళీ పది. దించేటప్పుడు ధడాలున వదిలేస్తే సగం ఫలితం పోతుందని చెప్పాను. తర్వాత గోడకు అడుగున్నర దూరంలో నిలబడి, ఎడమ అరచెయ్యి ఆనించి, ముందుకు వంగి మళ్ళీ వెనక్కి నెట్టుకోవడం. చివరగా కొళాయికి తడి తువ్వాలు చుట్టి ఒంటి చేత్తో మెలిపెట్టడం, మణికట్టుకూ ముంజేతికీ. కుడి చేతికి డాక్టరు చెప్పినదే, వంగుని చెయ్యి వేలాడేసి మెల్లగా ఊపుకోవడం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఎవరింట్లో వాళ్ళు చేసుకోవచ్చు.

నాలుగో రోజుకు ఆవిడ ముంజెయ్యి వాచిపోయి వచ్చింది. గ్లాసు పట్టుకుంటే వణుకుతోంది.

"ఎన్నిసార్లు చేశావు?"

"లెక్కెట్టలేదు. పొద్దున కూకుని వంట వేల దాకా సేసినాను. మల్లీ మూడింటికి."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "నేను పదిసార్లన్నానా, పది గంటలన్నానా?"

"కష్టపడితేనే గదేటి టీచరమ్మా బలమొత్తాది? అరగంటలో అయిపోయినదాన్ని పనంటారేటి?"

చూడండి, అదీ ఆవిడ తప్పు. మా సందులో ఎవరినడిగినా అదే తప్పు చేస్తారు. పొద్దున కార్ఖానా గేటు లోపలికి వెళ్తే సైరన్ మోగే దాకా ఒళ్ళు వంచాల్సిందేనని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న జనం. కండ పెరిగేది పని చేసినప్పుడు కాదు, విశ్రాంతి తీసుకున్నప్పుడని చెబితే అది బద్ధకస్తుల మాటలా వినబడుతుంది. నచ్చజెప్పడానికి నాకు వారం పట్టింది. చివరికి, పొయ్యి మీది అన్నాన్ని కలుపుతూనే ఉంటే ఉడుకుతుందా, మూత పెట్టి వదిలెయ్యాలా అని అడిగితే అప్పుడు తలూపింది. ఆ తర్వాత రోజు విడిచి రోజు. ఒక్కనాడూ లెక్క మించలేదు, ఒక్కనాడూ తగ్గించలేదు. నా సర్వీసులో అంత మాట వినే శిష్యురాలు ఇంకొకతె తగల్లేదు.

జులైలో సీసా పోయి రెండు లీటర్లది వచ్చింది. ఆ పైన అయిదు లీటర్ల నూనె డబ్బా, నిండా నీళ్ళతో. ఆగస్టులో అప్పలసూరి నాటి, మూత ఊడిపోయిన పాత పెట్టెను అటక మీంచి దింపింది. రోజూ దణ్ణం పెట్టుకుని నిప్పులు వేసే పెట్టెతో ఆటలాడనంది, నేనూ బలవంతం చెయ్యలేదు. ఆ పాత పెట్టెలో వారం వారం నాలుగేసి నట్టులూ బోల్టులూ వేసుకుంటూ పోయాం. బర్మామైన్స్‌లో నట్టు బోల్టులకు కరువేముంది? ఒక గోనెసంచిలో ఇటుక పెట్టి బల్ల మీద ముందుకు తోసి వెనక్కి లాగడం కూడా చేయించాను, ఎందుకంటే ఇస్త్రీలో ఎత్తడం కన్నా తొయ్యడమే ఎక్కువ.

ఎదురింటి బెంగాలీ పిల్ల తనుశ్రీ జిమ్‌కి వెళ్తుంది. ఒకరోజు ఆగి సన్యాసమ్మ జబ్బ నొక్కి చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఆంటీ, కౌన్ సా జిమ్?"

"టీచరమ్మ వరండా జిమ్," అంది సన్యాసమ్మ. మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వింది.

నిజంగానే చూడముచ్చటగా ఉంది ఆ చెయ్యి. భుజం గుండ్రంగా తిరిగి, జబ్బ బిగిసి, పెట్టె ఎత్తినప్పుడు ముంజేతి మీద కండలు తాళ్ళలా లేచేవి. ఆగస్టు ఆఖరికి ఎనిమిది కిలోల పెట్టెను ఎడమ చేత్తో పన్నెండుసార్లు ఎత్తి దించింది. దసరాకు ఇంకా నెల పైన ఉంది. నేను గెలిచేశాననుకున్నాను. గెలిచింది ఆవిడ అని కూడా అనుకోలేదు చూడండి, గెలిచింది నేనేననుకున్నాను. అంత మిడిసిపాటు నాది.

సెప్టెంబరు మొదటివారంలో పెట్టెలో నిప్పులు వేసింది. ముందు తన పాత జాకెట్టు పరిచింది. పెట్టె సునాయాసంగా లేచింది, సాఫీగా నడిచింది. తీసి చూస్తే జాకెట్టు నిండా గీతలు. ఉన్న ముడతల మీదే కొత్త ముడతలు పడి అణిగిపోయాయి. రెండోది దిండు గలీబు. అది ఒక మూల కాలింది. మూడోది నా చొక్కా. కాలరు వంకర పోయింది. ఇంకోటి, ఇంకోటి. మధ్యాహ్నానికి బల్ల మీద పాడైన గుడ్డలు గుట్టపడ్డాయి.

నేను తల గోక్కున్నాను. బరువా, దానికి మించిన బరువే ఎత్తుతోంది. తొయ్యడమా, అదీ వచ్చు. "మణికట్టు ఇంకా బలపడాలేమో," అన్నాను. ఇంకేమీ తోచలేదు నాకు.

సన్యాసమ్మ పెట్టెను బల్ల పక్కనున్న గట్టు మీద పెట్టి, స్టూలు మీద కూలబడింది. రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పరుచుకుని చాలాసేపు చూసుకుంది. వదిలేస్తుందని భయపడ్డాను. వదిలేస్తే కల్యాణి ఆటో పట్టుకుని రావడమే తరువాయి.

"మణికట్టు కాదు టీచరమ్మా," అంది చివరికి. "ఎడం సెయ్యి బాగానే ఉంది. తప్పు కుడిసేతిది."

"కుడి చెయ్యి పెట్టె పట్టుకోవడం లేదుగా?"

"అదే మరి. గుడ్డ పట్టుకుంటంది. దానికి గుడ్డ తెలీదు. ఇన్నాలూ అది పెట్టె పిడే పట్టుకుంది. గుడ్డ తడిమింది ఎడం సెయ్యి. తడెంత ఉందో, కుట్టు ఎటు లాగుతందో, ముడత ఎక్కడ దాక్కుందో, అన్నీ ఎడం సేతి ఏళ్ళే సూసేవి. పెట్టె కంటే బెత్తెడు ముందు నడిసేవి. ఇప్పుడా సెయ్యి పెట్టె కాడికొచ్చేసింది. ఈ కుడి సెయ్యేమో గుడ్డి సెయ్యి."

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఇస్త్రీ చేస్తుంటే రోజూ ఆ బల్ల పక్క నుంచే నడిచాను. ఏడు కిలోలు ఎత్తే చేతినే చూశాను. గుడ్డ మీద నెమ్మదిగా కదిలే రెండో చేతిని ఒక్కసారీ చూడలేదు. అసలు పని అదే చేస్తోందని చేతుల పాఠం చెప్పే నాకు తట్టనేలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

దీనికి నా దగ్గర వ్యాయామం లేదు. ఆవిడే కనిపెట్టుకుంది. మర్నాటి నుంచి నా బీరువాలో గుడ్డలన్నీ తెప్పించింది. నూలు, పట్టు, టెర్లిన్, గంజి పెట్టినవి, పెట్టనివి. కుడి మోచెయ్యి బల్ల మీద ఆనించుకుంది, భుజం లేవకుండా. కళ్ళకు పైటచెంగు కట్టుకుంది. నన్ను ఒక్కో గుడ్డా వేళ్ళ కిందకు తొయ్యమంది.

"టెర్లిన్. తడి సాల్నేదు."

"కాదు, నూలు."

"మల్లీ ఇయ్యండి."

ముప్ఫై ఎనిమిదేళ్ళు వేడి పిడి పట్టుకున్న వేళ్ళు అవి. చర్మం కాయలు కాసి మొద్దుబారిపోయింది. కొబ్బరినూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, పాదాలు తోముకునే రాయితో ఆ కాయలు రుద్ది రుద్ది తీసింది. నొప్పికి పళ్ళు కరుచుకునేది గానీ మానలేదు. విశ్వకర్మ పూజ నాడు ఈ ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. సన్యాసమ్మ కూడా పెట్టెను కడిగి పసుపు రాసి బొట్టు పెట్టి పక్కన పెట్టింది. "ఇవాళైనా సెలవు తీసుకో," అన్నాను. "గుడ్డ పనిముట్టు కాదు గదా టీచరమ్మా," అని కళ్ళకు చెంగు కట్టుకుంది.

బల్లను కూడా తిరగేసింది. నిప్పుల కుంపటి కుడి నుంచి ఎడమకు వచ్చింది. నీళ్ళ గిన్నె కుడికి వెళ్ళింది. తను నిలబడే చోటు అటు నుంచి ఇటు మారింది. మొదటి వారం అలవాటుకొద్దీ నీళ్ళనుకుని నిప్పుల మీద చెయ్యి పెట్టబోయేది, నేను కేకలేసేదాన్ని. మూడో వారానికి కళ్ళు మూసుకుని ఇది నూలు, ఇది పట్టు, ఇక్కడ కుట్టు లాగుతోంది, ఇక్కడ తడి ఆరిపోయింది అని పది చెబితే తొమ్మిది సరిపోయాయి. నా చొక్కా మళ్ళీ ఇస్త్రీ చేసింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని వెతికాను, తప్పు పట్టడం నా వృత్తి కాబట్టి. ఏమీ దొరకలేదు.

దుర్గాష్టమి ముందు రోజు పొద్దున సీతారామరావు గారు పట్టు పంచె చేతిలో పెట్టుకుని వచ్చారు. అష్టమికి అమ్మవారి దగ్గరకు కట్టుకెళ్ళే పంచె. ఆయన పెట్టిన గడువు కూడా అదే, ఇన్నాళ్ళూ ఆయన బల్ల వైపు తొంగి చూడలేదు. అప్పటికే బల్ల మీద యూనిఫాములు నాలుగు వరసలు పేర్చి ఉన్నాయి. ఆయన ఒక వరసలో పైనున్న చొక్కా తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. ముఖంలో మెచ్చుకోలు కనబడింది. అంతలో సన్యాసమ్మ ఎడమ చేత్తో పెట్టె ఎత్తింది.

ఆయన పంచెను వెనక్కి లాక్కున్నారు.

"ఏటిది? ఎడం సేత్తోనా సేత్తన్నావు?"

"అవును బాబూ. ఆ సెయ్యే ఉంది."

"యూనిఫాములైతే సరే. ఇది అమ్మవారి కాడికి కట్టుకెళ్ళే గుడ్డ. ఎడం సేత్తో ముట్టుకుంటే ఎలాగ? ఇది ఆదిబాబుకిచ్చెత్తాను. పండగ బట్టలు, పూజ బట్టలు నీకియ్యలేనంటే ఇంక ఈ బల్లెందుకు? నువ్వే ఆలోసించు."

నా ఒళ్ళు మండిపోయింది. నాలుగు నెలల కష్టం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతోంది. ఆ మనిషిని కడిగేద్దామని అడుగు ముందుకేశాను. సన్యాసమ్మ నన్ను కంటితోనే ఆపింది. పెట్టె కింద పెట్టింది. ఆవిడ గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు.

"బాబూ, ఇన్నేళ్ళూ మీ పూజ పంచెలన్నీ నానే సేసినాను గదా?"

"అవును. ఎప్పుడూ నువ్వే."

"అప్పుడు నా కుడి సెయ్యి పెట్టె పిడి పట్టుకునుండేది. మీ పంచెని ముట్టింది, తడిమింది, సాపు సేసింది ఎడం సెయ్యే బాబూ. ఒక్కనాడూ కుడి సెయ్యి తగల్నేదు. ఇప్పుడు ఎడం సెయ్యి పిడి మీదుంది. మీ పంచెకి నా కుడి సెయ్యి తగలడం ఇదే మొదలు. సరిగ్గా సూసుకోండి, నాను అబద్దమాడితే ఆదిబాబుకే ఇచ్చీండి."

సీతారామరావు గారు ఆవిడ రెండు చేతుల వైపూ మార్చి మార్చి చూశారు. తర్వాత పంచె తెచ్చి బల్ల మీద ఆయనే పరిచారు.

సన్యాసమ్మ దాని మీద తడిపి పిండిన పలచటి నూలు గుడ్డ వేసింది. పెట్టెలో బూడిద ఊది, బుగ్గ దగ్గర పెట్టుకుని వేడి చూసుకుంది. కుడి చేతి వేళ్ళు జరీ అంచు వెంట ముందు నడిచాయి, ఒకచోట ఆగి చిన్న ముడతను పక్కకు జరిపాయి. ఎడమ చేతిలో ఏడు కిలోల పెట్టె వాటి వెనకే వచ్చింది. నేను, సీతారామరావు గారు అక్కడే నిలబడి చివరి మడత దాకా చూశాం. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

ఆయన పంచె రెండు చేతులతో అందుకున్నారు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"ఆదిబాబుకి నాను ఫోన్ సేసి సెప్తాలే, రావద్దని," అన్నారు.